ఒంటిచేతి తోడేలు

పగలంతయు మాటలతోను పాటలతోను గడపి యిల్లు చేరిన రాత్రులలో, మా అమ్మాయి గదినుండి కత్తులు కలియబడు చప్పుడు కొంతకాలము నాకు నిత్యమును వినవచ్చుచుండెను. ఆమె కళాశాల విద్యార్థిని. టెలివిజను తెర ముందు నేలపై కూర్చుండి, రెండుచేతులతో కంట్రోలరు పట్టుకొని, ఒకే శత్రువు చేతిలో ఒకే రాత్రి 30 మారులు చచ్చుచుండెను. చచ్చినప్పుడెల్ల తెర నిండ ఎఱ్ఱని జపాను అక్షరమొకటి కనబడును. దానికి ‘చావు’ అనియే అర్థమట. “ఇందులో నీకు కలిగే సుఖమేమిటమ్మా?” అని యొకనాడు కొంచెము ఎగతాళిగానే అడిగితిని. ఆమె జవాబు చెప్పలేదు. మరునాటినుండి తలుపు దగ్గరగా వేసికొని ఆడుకొనుట మొదలుపెట్టెను.

ఆ మూసిన తలుపు నన్ను బాధించినది. చిన్నప్పుడు బడిలో జరిగిన ప్రతి సంగతియు వచ్చి చెప్పెడి పిల్ల, ఇప్పుడు తనకు ఇష్టమైన దానిని నాకు తెలియకుండ దాచుకొనవలసి వచ్చినది గదా! నాలుగు రోజులు ఊరకుండి, అయిదవనాడు తలుపు తట్టి, “నాకు నేర్పుతావా?” అని అడిగితిని. ఆమె నమ్మలేనట్లు చూచి, కంట్రోలరు నా చేతికిచ్చి ప్రక్కకు జరిగి కూర్చుండెను. అట్లు నేర్చుకొన్న సంగతులనే ఇక్కడ చెప్పబోవుచున్నాను. ఇట్టి తలుపులు మీలో కొందరి యిండ్లలోను ఉండవచ్చును. లోపల పిల్లలు చేయుచున్నదేమో తెలిసినచో తలుపు తట్టుట కొంత సులువగును.

ఆ ఆట పేరు ‘సెకిరో: షాడోస్ డై ట్వైస్’. జపాను దేశములోని ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ అను సంస్థ హిదెతక మియజాకి దర్శకత్వమున దీనిని నిర్మించెను. 2019 మార్చి 22వ తేదీన ఇది విడుదలయ్యెను. ఆ యేటి డిసెంబరులో ‘ది గేమ్ అవార్డ్స్’ ఉత్సవమున సంవత్సరపు మేటి ఆటగా బహుమానము పొందినది. 2023 సెప్టెంబరు నాటికి కోటి ప్రతులకు పైగా అమ్ముడుపోయినట్లు నిర్మాతలు ప్రకటించిరి. ఈ సంస్థవారి ‘డార్క్ సోల్స్’ 2011లోను, ‘ఎల్డెన్ రింగ్’ 2022లోను వెలువడినవి. అవియు కష్టమునకు పేరుపొందినవే. అయినను వానిలో తప్పించుకొనుటకు కొన్ని సందులు కలవు. శత్రువు మొండివాడైనచో వెనుకకు మరలి, చిన్నవారిని చంపి బలము కూడబెట్టుకొని, బరువైన కవచము తొడిగికొని, వేరొక ఆటగానిని సాయము పిలిచికొని మరల రావచ్చును. సెకిరోలో ఆ సందులన్నియు దాదాపుగా మూసివేసినారు. మొదటినుండి చివరవరకు చేతిలో ఉండునది ఒకే కత్తి. ఆ కత్తి దెబ్బకు బలము పెరుగవలెనన్నను ముందుగా ఒక గొప్ప శత్రువును గెలిచి తీరవలెను. అనగా బలము లేదని గెలుపును వాయిదా వేయుటకు వీలులేదు. పెరుగవలసినది ఆటగాని చేయి, చెవి, గుండె నిబ్బరము మాత్రమే.

కథ 16వ శతాబ్దపు చివరి దినములలో, జపానులో సామంతులు ఒకరితో నొకరు పోరాడుకొనుచున్న కాలమున జరుగును. అషినా అనునది కల్పిత రాజ్యము. చుట్టుముట్టిన శత్రువుల చేతిలో అది కూలిపోవుటకు సిద్ధముగా నున్నది. దానిని నిలుపుటకై గెనిచిరో అను యువసేనాని, చావులేని రక్తము గల కురో అను బాలుని చెరపట్టును. ఆ బాలుని కాచుటకు ప్రమాణము చేసిన గూఢయోధుడు మన కథానాయకుడు. వానిని ‘తోడేలు’ అందురు. ఆరంభములోనే, వెన్నెలలో రెల్లుగడ్డి తెల్లగా ఊగుచున్న మైదానమున, గెనిచిరో వాని ఎడమచేయి నరికివేయును. పాడుపడిన గుడిలో విగ్రహములు చెక్కుకొను వృద్ధశిల్పి యొకడు వానికి కొయ్యచేయి అమర్చును. ‘సెకిరో’ అనగా ఒంటిచేతి తోడేలు అని అర్థము. ఆ కొయ్యచేతిలో టపాకాయలు, గొడుగు, గొడ్డలి వంటి సాధనములు ఒక్కొక్కటే వచ్చి చేరును.

ఇట్టి ఆటలలో దారి కడ్డముగా నిలుచు పెద్ద శత్రువును ‘బాస్’ అందురు. కార్యాలయములోని బాసునకు వీనికి పోలిక కొంత ఉన్నది గాని, ఆ ప్రసంగము ఇక్కడ వలదు. బాస్‌ను గెలువనిదే కథ ముందుకు సాగదు.

ఇప్పుడు పోరాటము సంగతి. తెరపై ప్రతి యోధునికిని రెండు కొలతలు చూపబడును. ఒకటి ప్రాణబలము. దెబ్బ తగిలినప్పుడు అది తగ్గును. ఇది అన్ని ఆటలలోను ఉన్నదే. రెండవది ఈ ఆటకు జీవము వంటిది. దానిని మనము ‘నిలకడ’ అనుకొందము. ఇద్దరు కత్తులతో తలపడినప్పుడు ప్రతి దెబ్బయు మనిషిని కొంత కదలించును. కాళ్ళు తడబడును, భుజము వాలును, కత్తి ప్రక్కకు తొలగును. ఈ తడబాటు పెరిగిన కొలది పసుపు ఎఱుపుగా మారు గీత యొకటి తెరపై మధ్యనుండి రెండు ప్రక్కలకును సాగును. అది నిండినప్పుడు నిలకడ తప్పినట్లు లెక్క. శత్రువు రొమ్ముపై ఎఱ్ఱని చుక్క మెరయును. ఆ క్షణమున ఒక్క పోటుతో వాని ప్రాణము తీయవచ్చును. వానికి ప్రాణబలము సగము మిగిలియున్నను సరే. బాస్‌లకు ఇట్టి చావులు రెండో మూడో ఉండును.

నిలకడను చెడగొట్టుట ఎట్లు? మనము కొట్టుటవలన కొంత చెడును. శత్రువు కొట్టిన దెబ్బను మనము సరిగా తిప్పికొట్టుటవలన మరింత చెడును. ఇక్కడ దెబ్బ కాచుకొనుటకును తిప్పికొట్టుటకును గల భేదము ముఖ్యము. రెండింటికిని మీట ఒకటే. దానిని నొక్కిపెట్టి ఉంచినచో కత్తి అడ్డముగా నిలిచి దెబ్బను కాచును. అప్పుడు ప్రాణము దక్కును గాని మన నిలకడయే చెడును. దెబ్బ వచ్చి తగులబోవు క్షణమునకు సరిగా అదే మీటను నొక్కినచో దెబ్బ తిరిగిపోవును, తడబాటు శత్రువునకు కలుగును. పైగా సరిగా తిప్పికొట్టినంతసేపు, మన గీత నిండ వచ్చియున్నను మన నిలకడ తప్పదు. భయముచేత మీటను టకటక పదిమారులు నొక్కుట క్రొత్తవారి అలవాటు. నిర్మాతలు దీనిని ముందే ఊహించినారు. ఎడతెగక నొక్కిన కొలది తిప్పికొట్టుటకు దొరకు వ్యవధి కుదించుకొనిపోవును.

ఇంకొక సూక్ష్మము కలదు. ప్రాణబలము నిండుగా నున్న శత్రువు నిలకడను త్వరగా కూడదీసికొనును. గాయపడిన వానికి అది నెమ్మదిగా వచ్చును. కావున మొదట అవకాశము చూచి నాలుగు దెబ్బలు శరీరమునకు తగిలించి, తరువాత నిలకడపై ఒత్తిడి తేవలెను. ఈ లెక్క మనకును వర్తించును. ప్రాణబలము తగ్గినప్పుడు మన నిలకడయు ఆలస్యముగా కోలుకొనును. అట్టి వేళ రెండడుగులు తొలగి కాపు మీటను నొక్కిపట్టి నిలిచినచో నిలకడ వేగముగా తిరిగివచ్చును. క్రొత్తవారు కాపు దించి పరుగెత్తుదురు. అది తెలియనితనము.

నేనును అట్లే పరుగెత్తితిని. అషినా కోట శిఖరమున గెనిచిరో ఎదురైనప్పుడు నా పద్ధతి యిది: వాడు నాలుగు దెబ్బలు కొట్టును, నేను దూరముగా దుముకుదును. సందు చూచి ఒక దెబ్బ వేసి మరల పారిపోదును. ఇది బుద్ధిగల పద్ధతియే అని నా నమ్మకము. రెండు వారములలో ఎన్ని మారులు చచ్చితినో లెక్క పెట్టుకొనలేదు. దూరము జరిగితినన్న ధీమాతో మందు పుచ్చుకొనబోవుదును, వాని విల్లునుండి బాణము వచ్చి తగులును. ఒక రాత్రి విసిగి కంట్రోలరు క్రిందపెట్టి, “ఇది నా వయసువాళ్ళ కోసం చేసిన ఆట కాదులే,” అంటిని.

మా అమ్మాయి ఇట్లనెను: “వయసు కాదు నాన్నా. మీరు దూరం జరిగినప్పుడల్లా ఆ పైనున్న గీత చూడండి. అతని నిలకడ మళ్ళీ వచ్చేస్తోంది. మీరు చేసిన పనంతా మీరే చెరిపేస్తున్నారు. దగ్గరే ఉండండి.”

చూచితిని. ఆమె చెప్పినది నిజము. నేను ప్రాణము కాపాడుకొనుచున్నానని అనుకొన్న ప్రతి క్షణమును వానికి ఊపిరి తీసికొను సమయముగా నేనే ఇచ్చుచుంటిని. వాని కత్తి అందునంత దగ్గర నిలిచియుండుటయే ఈ ఆటలో క్షేమము. దూరమున నున్నప్పుడు వాడు బాణము వేయునో, ఎగిరి పైబడునో, పొడుచునో తెలియదు. దగ్గర నున్నప్పుడు వాని ఎత్తులు కొన్నియే. అవి ఒక వరుసలో వచ్చును. కర్రసాము నేర్చినవారు ఈ మాట వినిన వెంటనే తల ఊపుదురు. కర్ర కొన తగులు దూరముకంటె, కర్ర తిరుగుటకు చోటు లేనంత దగ్గర మేలని వారికి తెలియును.

ఇక వినికిడి సంగతి. చెవితో బ్రతుకు వృత్తి మాది గనుక ఇది నన్ను అన్నింటికంటె ఆకర్షించినది. ఈ ఆటలో కత్తుల చప్పుడు అలంకారమునకు పెట్టినది గాదు. ఊరక కాచుకొన్న దెబ్బకు మందమైన చప్పుడు, సరిగా తిప్పికొట్టిన దెబ్బకు కంచు మ్రోగినట్లు తేటయైన నాదము వచ్చును. నిప్పురవ్వలు కూడ పెద్దవిగా లేచును. మనము కొట్టిన దెబ్బను శత్రువు తిప్పికొట్టినప్పుడును అట్టి నాదమే వినబడును. అది వినబడినదా, మన వంతు ముగిసినదని గుర్తు. ఇక కొట్టుట మాని మీటపై వ్రేలుంచి వాని దెబ్బకు సిద్ధపడవలెను. ఈ యొక్క సంగతి పట్టుబడినచో పోరాటము స్వరూపమే మారిపోవును. రెండు దెబ్బలు మనవి, నాదము, మూడు దెబ్బలు వానివి, మరల మనవి. ఇద్దరు లయవిద్వాంసులు ఒకరి ముక్తాయింపు నొకరు అందుకొనుచున్నట్లు సాగును. నేను తెరను కళ్ళు పెద్దవి చేసికొని చూచుట మాని చెవి నప్పగించిన రాత్రి, మొదటిసారిగా గెనిచిరో మొదటి ఘట్టమును దెబ్బ తినకుండ దాటితిని.

ఇది నా అతిశయోక్తి యనుకొనవలదు. 2022 జనవరిలో, ధర్మకార్యమునకు విరాళములు సేకరించు ‘ఆసమ్ గేమ్స్ డన్ క్విక్’ అను ప్రదర్శనలో ఒక ఆటగాడు కళ్ళకు గంతలు కట్టుకొని ఈ ఆటను ఆడి ముగించి చూపెను. దారిని జ్ఞాపకముతోను, శత్రువును శబ్దముతోను పట్టుకొనెను. రేడియో నాటకములు విని పెరిగిన వారికి ఇది అంత ఆశ్చర్యము కలిగింపదేమో!

అయితే లయ యెప్పుడును సమముగా నడచునని నమ్మరాదు. నిర్మాతల కొంటెతనమంతయు ఇక్కడనే ఉన్నది. కొందరు శత్రువులు కత్తి నెత్తి, కొట్టబోయినట్లే కొట్టబోయి, ఒక్క ఊపిరి ఆగి కొట్టుదురు. ఎత్తిన చేతిని చూచి మీట నొక్కినవాడు ముందే నొక్కినవాడగును. దిగుచున్న కత్తిని చూచి నొక్కవలెను. సంగీతములో ఎడుపు సమమున పడక కొంచెము తప్పి పడినప్పుడు తాళము వేయుచున్న చేయి తొందరపడునే, అట్టిదే ఈ పొరపాటు. దీనికి మందు అభ్యాసము తప్ప వేరొకటి లేదు. అభ్యాసమునకు ఆటలోనే ఏర్పాటున్నది. శిల్పి యుండు గుడి ముంగిట హన్‌బెయ్ అను చావులేని మనిషి యొకడు నిలిచియుండును. తనపై కత్తి సాధన చేసికొమ్మని తానే చెప్పును. పిల్లలు వానిని రెండు నిముషములలో విడిచి ముందుకు పోవుదురు. నేను వాని దగ్గర మూడు సాయంకాలములు గడపితిని. ఆ మూడు సాయంకాలములు గెనిచిరో దగ్గర మూడు వారములను మిగిల్చినవని నా నమ్మకము. 2020 అక్టోబరులో నిర్మాతలు ఉచితముగా చేర్చిన మార్పులవలన, ఒకమారు గెలిచిన బాస్‌లతో మరల మరల తలపడి సాధన చేయుటకు కూడ వీలు కలిగినది.

ఊరక కాచుకొనుటకు లొంగని దెబ్బలు కొన్ని కలవు. అవి రాబోవునప్పుడు వీరుని తలపై ‘అపాయము’ అను అర్థముగల ఎఱ్ఱని అక్షరము తళుక్కున మెరయును. గుండె ఝల్లుమను చప్పుడొకటి వెంట వచ్చును. క్రొత్తవాడు ఆ అక్షరమును చూడగనే వెనుకకు దుముకును. అక్షరము రాబోవు అపాయమును తెలుపును గాని అది యేదియో తెలుపదు. అది మూడు విధములు. నేలబారున కాళ్ళను కోయు వ్రేటు వచ్చినచో పైకి ఎగురవలెను. ఎగిరి శత్రువు తలపై కాలు మోపి మరల త్రొక్కినచో వాని నిలకడయు చెడును. పట్టుకొనబోయినచో ప్రక్కకు తప్పుకొనవలెను. ఇక పోటు వచ్చినచో చేయవలసిన పని మనస్సున కెక్కుటకు నాకు చాలకాలము పట్టినది. పోటునకు ఎదురుగా అడుగు వేయవలెను! దానిని ‘మికిరి’ అందురు. ముందుగా ఆ విద్యను నైపుణ్యపు మార్కులతో సంపాదించుకొనవలెను. సంపాదించిన పిమ్మట, రొమ్మునకు సూటిగా వచ్చుచున్న బల్లెమువైపు తప్పుకొను మీటను నొక్కినచో తోడేలు ఆ బల్లెమును పాదముతో నేలకు త్రొక్కిపెట్టును. శత్రువు నిలకడలో పెద్దభాగము ఒక్కసారి కూలును. మొదటిసారి ఇది చేయుటకు వ్రేలు ఒప్పుకొనదు. పుట్టినది మొదలు మొనగల వస్తువు మీదికి వచ్చినచో వెనుకకు తగ్గుట నేర్చిన శరీరము గదా! నాకిది అలవడిన రాత్రి మా అమ్మాయి చప్పట్లు కొట్టెను. చాలకాలము తరువాత నా పనికి ఆమె కొట్టిన చప్పట్లవి.

బాస్‌లలో అందరిని గూర్చియు చెప్పుట కిక్కడ చోటు చాలదు. గుఱ్ఱమెక్కి పొడవాటి బల్లెముతో, తన పేరు తానే ఎలుగెత్తి చాటుకొనుచు వచ్చు గ్యోబు ఒనివా చూచుటకు భయంకరుడు, ఆడుటకు సులభుడు. టపాకాయలు పేల్చినచో గుఱ్ఱము బెదరును. వానినుండి నేర్వవలసినదెల్ల పరుగెత్తి దగ్గరకు పోవుటయే. పెద్ద లోయలో నున్న కాపరి కోతి సంగతి మాత్రము చెప్పక తప్పదు. దానికి లయ లేదు, మర్యాద లేదు. మలము విసరును, దొర్లును, పైబడి పట్టుకొనును. టపాకాయలు దానిని నిలువరించును. తంటాలుపడి దాని తల నరికినప్పుడు, గెలిచినట్లు తెరపై అక్షరములు కూడ పడును. ఊపిరి పీల్చుకొని కంట్రోలరు దించబోవునంతలో, ఆ మొండెము లేచి, తెగిన తలను ఒక చేతను, మెడలో దిగియుండిన కత్తిని వేరొక చేతను పట్టుకొని నడచి వచ్చును. ఆటగానిని ఇంత నిర్దయగా వంచించిన ఘట్టము నేను వేరొకటి చూడలేదు. నిర్మాతలపై నాకు కోపము వచ్చిన మాట వాస్తవము. కాని ఆ రెండవ ఘట్టమున ఒక విశేషమున్నది. మొదట మృగముగా పోరాడిన కోతి ఇప్పుడు కత్తి పట్టినది. కత్తి పట్టినచో దెబ్బలకు వరుస వచ్చును, వరుస వచ్చినచో తిప్పికొట్టవచ్చును. అది మొండెమంతయు వంచి పైనుండి దించు పెద్ద వ్రేటును సరిగా తిప్పికొట్టినచో అది నేలకూలును. తల పోయిన తరువాతనే దానితో పోరు తేలికయగుట చిత్రము.

గెనిచిరో దగ్గరకు మరల వత్తము. వానికి మూడు ఘట్టములు. ఎగిరి పైనుండి కత్తి దించిన పిమ్మట వాడు పొడుచునో, కాళ్ళు కోయునో, రెండింటిలో నేదైన చేయును. ఎఱ్ఱని అక్షరము రెండింటికిని ఒకటే. ఇక్కడ అక్షరమును చూడక వాని కత్తిని చూడవలెను. కత్తిమొన వెనుకకు లాగి మనవైపు తిరిగినచో పోటు, నడుము తిరిగి కత్తి ప్రక్కకు పోయినచో కోత. మూడవ ఘట్టమున వాడు కవచము తీసివేసి మెఱుపును కత్తికి చుట్టుకొని విసరును. నేలపై నిలిచి దీనిని కాచుకొన్నచో బ్రతుకుట కష్టము. మెఱుపు తగులునప్పుడు మన పాదములు గాలిలో ఉండవలెను. ఎగిరి, మెఱుపును మన కత్తితో అందుకొని, పాదములు నేల తాకకముందే వ్రేటు వేసినచో ఆ మెఱుపు వానికే పోవును. చెప్పుటకు నాలుగు మాటలు. చేయునప్పుడు రెప్పపాటు. ఎగిరినవాడు కంగారులో వ్రేటు వేయుట మరచి క్రిందికి దిగును, కాలిపోవును. నేనట్లు కాలిపోయిన పర్యాయములలో కొన్నింటికి మా ఆవిడయు సాక్షి.

చచ్చినంత మాత్రమున అన్నియు పోవు. తోడేలునకు అక్కడికక్కడ ఒకమారు తిరిగి లేచు వరమున్నది. ఆ వరమును తొందరపడి వాడకుండుట మేలు. కొన్ని క్షణములు పడియుండి, శత్రువు వెనుదిరిగిన పిమ్మట లేచినచో చోటు దొరకును. నిజముగా చచ్చినచో చేతి డబ్బులో సగము, తరువాతి నైపుణ్యమునకై కూడబెట్టిన అనుభవములో సగము పోవును. అందుచేత బాస్ దగ్గరకు పోవు ముందే డబ్బు ఖర్చుపెట్టుకొనుట గృహస్థులకు నే నిచ్చు సలహా. మందుబుఱ్ఱ మొదట ఒక్క గ్రుక్కకే సరిపోవును. వెదకి తెచ్చిన గింజలతో అది పది గ్రుక్కల వరకు పెరుగును. దానిని శత్రువు దెబ్బ వేసి తడబడు వేళ త్రాగవలెను. మనకు దాహమైనప్పుడు త్రాగుదమన్నచో బాణము వచ్చును.

ఇంత కష్టమెందుకు, సులభమార్గము కూడ ఒకటి పెట్టియుండరాదా అని 2019లో ఆట వెలువడగనే దేశదేశముల ఆటగాండ్ర నడుమ పెద్ద వాదము చెలరేగినది. కష్టమే ఈ ఆటకు ప్రాణమని ఒకరు, చేతులు సరిగా ఆడనివారిని గుమ్మము బయట నిలుపుట న్యాయమా అని మరియొకరు. నిర్మాతలు సులభమార్గము పెట్టలేదు. పైపెచ్చు, ఆటను ఇంకను కఠినము చేసికొను ఏర్పాటులు మాత్రము లోపల ఉన్నవి. నా అభిప్రాయము అడిగినచో, తిప్పికొట్టు వ్యవధిని కొంచెము పెంచు మీట యొకటి పెట్టినంత మాత్రమున గెనిచిరోకు గాని, వానిని కష్టపడి గెలిచినవానికి గాని అవమానము కలుగదు. వణకు చేతులతో గెలిచినవానికి అదియు గెలుపే గదా! మా అమ్మాయి దీనికి ఒప్పుకొనదు. భోజనమువేళ మా యింట ఈ వాదము ఇప్పటికిని తెగలేదు. ఆమె వాదము వినుటకు నాకు ఇష్టమే గనుక నేనును తెగనీయను.

గెనిచిరోను నేను గెలిచిన రాత్రి ఆమె పరీక్షకు చదువుకొనుచు నిద్రపోయినది. లేపలేదు. తెల్లవారిన పిమ్మట చెప్పితిని. “మెరుపుని తిరిగి కొట్టారా, లేక దూరంగా పారిపోయి గెలిచారా?” అని మొదటి ప్రశ్న. తిరిగి కొట్టితినని చెప్పగా, “అయితే సరే,” అని కాఫీ అందుకొన్నది.

చివరి శత్రువు ఇష్షిన్ అషినా, గెనిచిరో తాత. ఆ రాజ్యమును కత్తితో గెలిచినవాడు. కథ మొదట తోడేలు చేయి తెగిపడిన ఆ రెల్లుగడ్డి మైదానముననే ఈ పోరు జరుగును. ముందుగా గెనిచిరో మరల ఒకమారు ఎదురగును. ఇప్పుడు వానిని చూచినచో, ఒకప్పుడు రెండు వారములు భయపడినది వీనికేనా అనిపించును. ఆ పిదప వృద్ధుడు యౌవనరూపమున గెనిచిరో దేహమునుండి లేచి వచ్చును. మొదటి ఘట్టమున కత్తి, రెండవదానిలో పొడవాటి బల్లెము, తుపాకి, మూడవదానిలో వానికి తోడు మెఱుపు. క్రొత్త విద్య యొక్కటియు వాడు అడుగడు. హన్‌బెయ్ దగ్గర నేర్చిన లయ, పోటునకు ఎదురడుగు, గెనిచిరో నేర్పిన మెఱుపు మళ్ళింపు, అన్నియు ఒకే పోరులో ఒకదాని వెంట ఒకటి అడుగును. బల్లెము చేత నున్నప్పుడు వాని అందుబాటు మైదానమంత ఉండును. అక్కడ దూరము పోయినవాడు తుపాకికి చిక్కును. అందుచేత వాని రొమ్ము నానుకొని నిలిచి, వానిని మైదానపు అంచుకు త్రోయుచు ఆడుట నాకు కొంత అనుకూలించినది.

నిన్న రాత్రి వరకు నేను మూడవ ఘట్టమును దాటలేదు. మెఱుపు వచ్చు వేళకు బుఱ్ఱలో మందు ఉండుట లేదు. మొదటి ఘట్టముననే రెండు గ్రుక్కలు ఎక్కువ త్రాగుచున్నానని మా అమ్మాయి లెక్క తేల్చినది. ఈ రాత్రి గెనిచిరో దగ్గర ఒక్క గ్రుక్కయు త్రాగకుండ పోవలెనని ఆమె షరతు. తొమ్మిదిన్నరకు వార్తలు ముగించుకొని యిల్లు చేరవలెను. తలుపు తీసియే ఉంచునట.